జంగ్లీ జ్వాలా రెండుసార్లు పడ్డాడు

ఆ రోజు షెడ్డుకు కరెంటు సెలవు. సూరత్‌లోని వడోద్ చుట్టుపక్కల సాంచాలు, అంటే మరమగ్గాలు, అన్నీ ఆగిపోవడంతో మనుషులు అరవకుండా మామూలుగా మాట్లాడుకుంటున్నారు. వారానికి ఒక్కసారి దొరికే ఆ భాగ్యాన్ని ఎలా వాడుకోవాలో రాజమౌళి పొద్దున లేస్తూనే నిర్ణయించుకున్నాడు. తలంటి పోసుకోవడం, కోడికూరతో కడుపునిండా తినడం, కాసేపు నడుం వాల్చడం, ఎండ తగ్గాక భార్య ఐలమ్మను వెంటబెట్టుకుని ఉన్ అనే పేటలో ఉన్న ఆమె అక్క ఇంటికి పోయి రావడం. అంతకుమించి అతనికి ఏ కోరికా లేదు.

రాజమౌళి సాంచాలు మరమ్మతు చేసే జాబర్. నిలువెత్తు మనిషి, ఆ ఎత్తుకు తగ్గ వెడల్పు. నూలు చుట్టిన ఇనుప బీమును ఇద్దరు ముగ్గురు కలిసి మోస్తుంటే, అతను ఒక్కడే భుజానికెత్తుకుని మెట్లెక్కేవాడు. ఆ ఒంటిని చూసి కొత్తవాళ్ళు జంకేవారు. పాతవాళ్ళకు అసలు సంగతి తెలుసు. అతనికి కుక్క మొరిగితే భయం, సూదిమందంటే భయం, ఎవరైనా గొంతు పెంచితే భయం. అన్నిటికంటే మెడ అంటే భయం. పక్క షెడ్డులో సాంబయ్య అనే పెద్దాయన మీద బీము జారిపడినప్పుడు రాజమౌళి అక్కడే ఉన్నాడు. పెద్ద చప్పుడేమీ కాలేదు. ఎండుపుల్ల విరిగినట్టు టక్కుమంది, అంతే. సాంబయ్య మళ్ళీ లేచి కూర్చోలేదు.

అందుకే గల్లీకి కేబుల్ టీవీ వచ్చి, పిల్లాపెద్దా అందరూ విదేశీ కుస్తీల పిచ్చిలో పడ్డప్పుడు, రాజమౌళి ఒక్కసారి చూసి లేచి వచ్చేశాడు. ఒకడు ఇంకొకణ్ణి తలకిందులుగా ఎత్తి, నెత్తిని నేలకేసి దించాడు. చూస్తున్నవాళ్ళు ఈలలు వేశారు. రాజమౌళికి మాత్రం వారం దాకా తన మెడే నొప్పి పెట్టింది.

ఐలమ్మ నీళ్ళు కాగబెడుతుండగా ఆమె తమ్ముడు ఉమాకాంత్ ఊడిపడ్డాడు. సూరత్‌లోనే పుట్టి పెరిగిన కుర్రాడు, రింగ్ రోడ్‌లో బట్టల దుకాణంలో పని, మనసంతా కుస్తీల మీద.

"బావా, చలో. జల్దీ నీ పానాల పెట్టె పట్టుకో."

"ఏందిరా పొద్దుగాల?"

"గ్రౌండ్ల ఫ్రీస్టైల్ కుస్తీవాళ్ళు దిగిన్రు గదా. రింగు తాళ్ళు బిగించే బోల్టు తిరుగుతలేదంట. వాళ్ళ మిస్త్రీకి జరమొచ్చింది. మా బావ చిటికెల చేస్తడని నేనే చెప్పిన."

"కుస్తీ జాగకు నేను రాను."

"అరే, కుస్తీ సాయంత్రం బావా! ఇప్పుడు ఉత్త రింగే. రింగు కరుస్తదా?"

ఐలమ్మ వంటింట్లోంచి తల బయటపెట్టింది. "పోయి రారాదయ్యా, వాడు మాటిచ్చిండు గదా. జల్దిన రా. నీళ్ళు చల్లారితే మళ్ళ కాగబెట్ట నేను."

మైదానం చుట్టూ తడకలు, గుడ్డలు కట్టారు. గేటు దగ్గర మనిషెత్తు బొమ్మ ఒకటి నిలబెట్టారు. నడుం దాకా జుట్టు, ఎర్రటి కళ్ళు, కాలికింద ఎవడిదో మెడ. కింద హిందీలో, గుజరాతీలో 'జంగ్లీ జ్వాలా, మాట రాదు, దయ లేదు' అని రాసి ఉంది. రాజమౌళి ఆ మెడ వైపు చూడకుండా గేటు దాటాడు.

రింగంటే ఇనుప చట్రం మీద పలకలు, వాటి మీద పరుపు, పైన టార్పాలిన్. ఉమాకాంత్ చాయ్ తేవడానికి పోయాడు. రాజమౌళి చట్రం కిందికి దూరి, తుప్పుపట్టిన బోల్టుకు నూనె రాసి, అది కాస్త నానేదాకా అక్కడే కూర్చున్నాడు. అంతలో నెత్తిమీద పిడుగు పడ్డట్టు ధనమని చప్పుడైంది. ఇంకొకటి. మరొకటి. ప్రతి చప్పుడుకూ అతని భుజాలు చెవులను తాకాయి. ఎవరో ఇద్దరు సాధన చేస్తున్నారని అర్థమయ్యాక చెవులు మూసుకుని కూర్చున్నాడు. చివరగా చట్రమంతా వణికేలా ఒక్క దెబ్బ పడింది. ఆ తర్వాత ఏ అలికిడీ లేదు.

ఆ నిశ్శబ్దం అతన్ని ఎక్కువ భయపెట్టింది. మెల్లగా పాకుతూ బయటికొచ్చి చూశాడు. రింగు మధ్యలో జంగ్లీ జ్వాలా వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్ళు తేలవేశాడు. నాలుక పక్కకు వేలాడుతోంది. రెండోవాడు ఎటు పోయాడో లేడు.

"ఓ పహిల్వాన్... ఓ తమ్మీ..."

ఉలుకూ పలుకూ లేదు. రాజమౌళికి సాంబయ్య కళ్ళముందు మెదిలాడు. తన తువ్వాలు తీసి, మెడ కదలకుండా ఉండాలని పహిల్వాన్ గొంతు చుట్టూ గట్టిగా చుట్టి ముడివేశాడు. ఆ బిగింపుకు పహిల్వాన్ గొంతులోంచి 'గుర్ర్' మంది. అది ప్రాణం పోయే చప్పుడేననుకున్నాడు రాజమౌళి. ఇక ఆలస్యం చేస్తే పాపం చుట్టుకుంటుందని, బీమును ఎత్తినట్టే ఒక్క ఊపులో భుజం మీద వేసుకుని, చేతిలో పానా చేతిలోనే ఉండగా, మైదానం దాటి రోడ్డు మీద పరుగందుకున్నాడు.

అంతకుముందు ఏడాదే ప్లేగు భయం సూరత్‌ను ఊపిపోయింది. రోడ్డు మీద ఒకడు ఇంకొకణ్ణి మోసుకుంటూ పరుగెత్తడం చూడగానే జనం గబగబా ముక్కులకు రుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. కిరాణా సేఠ్ షట్టర్ లాగేశాడు. ఆటోవాడు రాజమౌళి చెయ్యి ఊపకముందే వెనక్కి తిప్పుకుని పోయాడు. భుజం మీద నుంచి వేలాడుతున్న జుట్టును ఎవరో గుర్తుపట్టి కేక వేశాకగాని రుమాళ్ళు దిగలేదు.

"అరే, గాడు జంగ్లీ జ్వాలా! రాజమౌళన్న ఎత్తుకొని పోతుండు!"

క్షణంలో వెనక ఊరేగింపు తయారైంది. రాజమౌళి తిరిగి చూడలేదు. భుజం మీది గురగుర ఎక్కువైన కొద్దీ అతని అడుగుల వేగం పెరిగింది.

వడోద్‌లో క్లినిక్ నడిపే డాక్టరమ్మ సుమతి ఆంధ్ర నుంచి వచ్చినావిడ. ఆమె భర్తకు హజీరాలో ఉద్యోగం. బల్లమీద దించిన శాల్తీని చూసి, ఆమె ముందు తువ్వాలు ముడి విప్పింది.

"ఎవరండీ ఇలా కట్టింది? ఊపిరాడక చచ్చేవాడు కదా!" అంటూ సిరంజి అందుకుంది.

జంగ్లీ జ్వాలా ఒక కన్ను తెరిచాడు. సిరంజి కనిపించింది. వాకిట్లో గుమిగూడిన జనం కనిపించారు. పక్కన కిటికీ కనిపించింది. మరుక్షణం కిటికీలోంచి వెనక గల్లీలోకి దూకి, జుట్టు ఎగురుతుండగా పరుగు తీశాడు.

రాజమౌళి గుండె ఝల్లుమంది. మెడ విరిగిన మనిషి అలా పరుగెత్తితే ఇంకేమన్నా ఉందా? పానా పట్టుకుని వాకిట్లోకి ఉరికి, జనాన్ని చూసి రొప్పుతూ అరిచాడు.

"పట్టుకోండ్రి! గాయినను పట్టుకోండ్రి! మెడ ఇరుగుతది!"

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇన్నరా? దొరికితే మెడ ఇరుస్తడంట!"

రాజమౌళి ఇల్లు చేరేసరికి ఆ మాట అతనికంటే ముందే చేరింది. ఒక కథలో అతను జంగ్లీ జ్వాలాను ఒంటిచేత్తో లేపాడు. ఇంకొక కథలో పహిల్వాన్ అతని కాళ్ళమీద పడ్డాడు. మరొక కథలో డాక్టరమ్మ అడ్డం రాకపోతే హత్యే జరిగేది. ఐలమ్మ చల్లారిన నీళ్ళ గుండిగ పక్కన నిలబడి మొగుణ్ణి కిందినుంచి పైదాకా చూసింది.

"బోల్టు తిప్పుమంటే మనుషులను తిప్పుతున్నవా?"

"అట్ల కాదే..." అని అతను జరిగింది చెప్పబోయేంతలో, వాకిట్లోకి కులసంఘం పెద్దమనిషి బుచ్చిరాములు వచ్చాడు. ఆయన వెనక పదిమంది, వాళ్ళ వెనక సఫారీ సూటు వేసుకున్న బక్కపలచటి మనిషి. అతని పేరు రమణీక్‌భాయి. కుస్తీ కంపెనీ యజమాని.

"ముందు నా మాట ఇను బిడ్డా," అన్నాడు బుచ్చిరాములు, రాజమౌళి వీపు నిమురుతూ. "నిన్నటిదాంక మనలను అందరూ దారప్పోగులోళ్ళన్నరు. ఇయ్యాల మన పిల్లగాడు గంత పహిల్వాన్‌ను గల్లీలల్ల ఉరికిచ్చిండు. సాయంత్రం రింగుల గూడ జూపియ్యాలె. నేను మాటిచ్చేసిన."

రాజమౌళి చేతులు జోడించాడు. "కాకా, నీ కాళ్ళు మొక్కుత. అతను పడిపోయిండని దవాఖానకు తీస్కపోయిన. కొట్టలే, తిట్టలే. నన్నిడువు. నేను రింగెక్కితే పానం పోతది."

బుచ్చిరాములు కళ్ళు మెరిశాయి. జనం వైపు తిరిగాడు. "పానం తీస్తడంట!"

చప్పట్లు మోగాయి. రమణీక్‌భాయి రాజమౌళిని పక్కకు తీసుకెళ్ళి మెత్తటి హిందీలో నచ్చజెప్పాడు. పొద్దుటి పరుగుతో జంగ్లీ జ్వాలా పరువు పోయిందట. ఈ కుస్తీ జరక్కపోతే మైదానంలో ఒక్క కుర్చీ కూడా నిండదట. "భయపడకండి భాయ్‌సాబ్. నా కంపెనీలో ఇంతవరకు ఎవడికీ గోరు కూడా ఊడలేదు," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన రాజమౌళి కళ్ళలోకి చూడలేదు. అది రాజమౌళి గమనించాడు.

మధ్యాహ్నానికి మైకు కట్టిన ఆటో పక్కనున్న పాండేసరా పేట అంతా తిరగడం మొదలుపెట్టింది. "ఆజ్ శామ్! జంగ్లీ జ్వాలాతో వడోద్ కా షేర్, రాజమౌళి పహిల్వాన్!" అన్న కేక, అతన్ని వడోద్ సింహాన్ని చేస్తూ, ప్రతి మలుపులోంచీ వినిపించింది. రాజమౌళి కోడికూర ముట్టలేదు. మంచం మీద కూర్చుని మెడను రెండు చేతులతో పట్టుకున్నాడు. తెల్లారేసరికి ఈ మెడ ఇలాగే ఉంటుందా అని ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిప్పి చూసుకున్నాడు. అప్పటిదాకా కోపంగా ఉన్న ఐలమ్మ, ఆ తిప్పడం చూసి పక్కన కూర్చుంది.

"సాంబయ్య పెండ్లాం ఇప్పటికి గూడ ఆయనకు చెంచతోని తాగిపిస్తది," అన్నాడు రాజమౌళి.

ఐలమ్మ లేచి సంచిలో రెండు జతల బట్టలు పెట్టింది. "పా. అక్క ఇంటికి పోదాం. రెండు దినాలు ఆడనే ఉందాం. పెద్దమనిషి ఏం జేస్తడో చూస్త."

వెనక సందులోంచి బయటపడి, తలమీద తువ్వాలు కప్పుకుని, రోడ్డుమీద ఆటో ఎక్కారు. "ఉన్ పోవాలె భయ్యా," అంది ఐలమ్మ. డ్రైవరు అద్దంలో వెనక సీటును చూశాడు. ఆ భుజాలను తువ్వాలు దాచలేకపోయింది. మొహమంతా నవ్వుతో అతను బండిని రయ్యిమని తిప్పాడు. ఐలమ్మ ఎంత అరిచినా ఆపలేదు. తిన్నగా మైదానం గేటులోంచి లోపలికి తీసుకెళ్ళి, పహిల్వాన్‌ను దించే అదృష్టం తనకే దక్కిందని చుట్టూ ఉన్నవాళ్ళకు చెప్పుకున్నాడు. రాజమౌళి దిగకముందే ఎవరో మెడలో బంతిపూల దండ వేశారు. మెడకు ఏదో తగలగానే అతను కెవ్వుమన్నాడు. జనం దాన్ని యుద్ధకేక అనుకున్నారు.

అతన్ని ఒక డేరాలో కూర్చోబెట్టి, బట్టలు మార్చుకోమని బయటినుంచి తెర వేశారు. రాజమౌళి కళ్ళు చీకటికి అలవాటు పడేసరికి ఎదురుగా జంగ్లీ జ్వాలా కూర్చుని ఉన్నాడు. రాజమౌళి పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి జరిగి డేరా గుడ్డకు అతుక్కుపోయాడు.

జంగ్లీ జ్వాలా కూడా వెనక్కి జరిగి అవతలి గుడ్డకు అతుక్కుపోయాడు.

"అన్నా," అన్నాడు, "నన్ను మళ్ళ ఎత్తవు గద?"

రాజమౌళి నోరు తెరుచుకుంది. "నీకు మాటొస్తదా?"

"మాటలెందుకు రావు? నా పేరు ముత్యం. మాది మెట్‌పల్లి దిక్కు. ఇంతకుముందు భివండీల సాంచాలు నడిపిన. మాటొస్తే జంగ్లీ ఎట్లయితనని సేఠ్ నోరు మూయించిండు."

"మరి పొద్దుగాల ఎందుకు లేవలే? నేను పిలిస్తి గద!"

"తడకలల్లకెల్లి జనం చూస్తున్నరన్నా. చూసేటోడున్నంతసేపు పడ్డోడు లేవొద్దు. మా పనిల అదే పెద్ద కట్టుబాటు. నువ్వు వచ్చి గొంతుకు తువ్వాల బిగిస్తివి. ఇగ అరుద్దామన్నా గొంతు పెగల్లే." ముత్యం తన మెడ తడుముకున్నాడు. "నీ భుజం మీద నా తలకాయ తోరణం తీర్గ ఊగుతుంటే నాకు దేవుళ్ళందరు యాదికొచ్చిన్రు."

రాజమౌళి సిగ్గుతో తల వంచుకున్నాడు. "నీ మెడ ఇరిగిందనుకున్న తమ్మీ."

"ఇరిగుంటే నువ్వు ఎత్తుడుకే చచ్చిపోదును." ముత్యం కాస్త దగ్గరికి జరిగాడు. "ఇను. గీ పలకల మీద పడుడు మాకు వస్తది. గదువ రొమ్ముకు ఆనిచ్చి, వీపంత ఒకటేసారి తాకేటట్టు పడాలె. చప్పుడెక్కువ, దెబ్బ తక్కువ. ఎత్తేటోని చేతుల ఎత్తిచ్చుకునేటోని పానం ఉంటది. తెలిసినోడు ఎంత పెద్దోడైనా నాకు భయం లేదు. తెల్వనోడంటేనే భయం. నాకో జతగాడుండె. టీవీల చూసిండంట, తలకిందులు చేసి దించుడు నేర్చుకుంటనని ఒక కొత్తోడు వాణ్ణి ఎత్తిండు. ఎత్తిండు గని దించరాలె. ఇప్పుడు నా దోస్తు నాందేడ్‌ల మంచం మీదున్నడు. కాళ్ళు పడిపోయినయ్."

"సేఠ్ గోరు గూడ ఊడలేదన్నడు."

"ఆయనకు ఊడలే."

బయట జనం హోరు పెరుగుతోంది. ఇద్దరూ మెల్లగా ఒప్పందానికి వచ్చారు. ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని అటూ ఇటూ తిరగడం, ఆ తర్వాత రాజమౌళి అరచేత్తో రొమ్ముమీద తాకడం, ముత్యం తనంతట తనే వెనక్కి పడడం. ఎవరూ ఎవరినీ ఎత్తకూడదు.

"నేను పడినంక నా చెయ్యి ఒత్తు," అన్నాడు ముత్యం. "నేను తిరిగి ఒత్తితే మంచిగున్నట్టు. ఒత్తకపోతే నిజంగనే తాకినట్టు. అప్పుడు ఎవ్వనిమాట ఇనకు. నన్ను లేపకు, జరపకు. తలకాయను కోడిగుడ్డు తీర్గ పట్టుకొని కూసో. డాక్టర్ వచ్చేదాంక గంతే."

"ఒత్తుతవు గద తమ్మీ?"

"ఒత్తుత. నువ్వు భయపడకు."

ఆ మాట చెప్పి అతను తన మెడ మళ్ళీ ఒకసారి తడుముకున్నాడు.

సాయంత్రపు ఎండలో మైదానం క్రిక్కిరిసిపోయింది. చుట్టుపక్కల మేడల మీద, గోడల మీద కూడా మనుషులే. ముందు వరసలో బుచ్చిరాములు సంఘం పెద్దలందరితో కూర్చున్నాడు. ఆ పక్కనే ఐలమ్మ, ఒళ్ళో బట్టల సంచితో, పెదవులు బిగించుకుని ఉంది. ఉమాకాంత్ మాత్రం తన జన్మ ధన్యమైనట్టు ఎగురుతున్నాడు. "బావా! నెత్తి పట్టి దించు బావా!" అన్నాడు. రాజమౌళి మొహం తిప్పుకున్నాడు.

గంట మోగింది. ఇద్దరూ ఒకరి చుట్టూ ఒకరు తిరిగారు. చాలాసేపు తిరిగారు. ఇద్దరికీ దగ్గరికి వెళ్ళే ధైర్యం లేదు. మొదట్లో జనం ఊపిరి బిగబట్టి చూశారు. తరువాత ఆవలించారు. ఒక చెప్పు వచ్చి రింగులో పడింది. అప్పుడు ముత్యం భయంకరంగా గర్జించి, చేతులు చాచి వచ్చి రాజమౌళి భుజాలు పట్టుకున్నాడు.

"నొస్తుందా అన్నా?" అన్నాడు గర్జన మధ్యలో, చెవి దగ్గర.

"లేదు తమ్మీ. నీకు?"

"లేదు. జర గదువ లోపలికి పెట్టుకో. ఒకవేళ నువ్వు పడ్డా తలకు తాకదు." అంటూ ముత్యం తన పెద్ద అరచేతిని రాజమౌళి మెడ వెనక వేసి, తలను మెల్లగా కిందికి వంచాడు.

ముందు వరసలోంచి చూసేవాళ్ళకు అది అలా కనిపించలేదు. జంగ్లీ జ్వాలా తన మొగుడి మెడ పట్టి వంచుతున్నాడనుకుంది ఐలమ్మ. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఒక్కసారి తెగింది. సంచి విసిరేసి, చీర కొంగు నడుముకు దోపి, రింగు అంచు పట్టుకుని పైకెక్కింది.

"ఓ జంగ్లోడా! మెడ ఇడువు! నా మొగని మెడ ఇడువురా!"

సరిగ్గా ఆ క్షణానికే, అనుకున్న ప్రకారం, రాజమౌళి అరచెయ్యి ముత్యం రొమ్ముకు తాకింది. ముత్యం కాళ్ళు నేల వదిలాయి. వెనక్కి పడిపోతూ, ఆ కేక ఎక్కడిదా అని అతను తల తిప్పాడు. గడ్డం రొమ్మును వదిలేసింది. భుజం ముందు తాకింది. ఆ వెనకే తల పలకను తాకింది.

ఈసారి చప్పుడు చిన్నది.

జనం లేచి నిలబడ్డారు. ఈలలు, కేకలు, ఎగురుతున్న టోపీలు. రిఫరీ వంగి వేళ్ళు లెక్కబెట్టి రాజమౌళి చెయ్యి పైకెత్తబోయాడు. రాజమౌళి ఆ చెయ్యి విదిలించుకుని మోకాళ్ళమీద కూలబడ్డాడు. ముత్యం చెయ్యి అందుకుని ఒత్తాడు. అది తిరిగి ఒత్తలేదు. గట్టిగా ఒత్తాడు. వేళ్ళు మెత్తగా, ఎవరివో అన్నట్టు ఉండిపోయాయి.

"ముత్యం... తమ్మీ, ఒత్తు. ఒక్కసారి ఒత్తురా."

అంత హోరులో ఆ మాట ఐలమ్మకు తప్ప ఎవరికీ వినిపించలేదు. ఆమె తాళ్ళ దగ్గరే కొయ్యబారిపోయింది. రాజమౌళి ఒళ్ళంతా ఒక్కటే చెబుతోంది: ఎత్తుకో, పరుగెత్తు. అతను ఎత్తుకోలేదు. తల వైపుకు జరిగి, ముత్యం తలను పడ్డచోటే రెండు మోకాళ్ళ మధ్య ఉంచి, రెండు చేతులూ చెంపలకు ఇరువైపులా పెట్టి, కదలకుండా పట్టుకున్నాడు.

"డాక్టరమ్మను పిలువుండ్రి! నిజంగనే తాకింది!" అని అరిచాడు. అరుస్తూనే ఏడ్చేశాడు.

జనం ఘొల్లుమని నవ్వారు. ఇంత బాగా ఏడ్చే పహిల్వాన్‌ను వాళ్ళెప్పుడూ చూడలేదు. బుచ్చిరాములు రింగెక్కి, ఏడుస్తున్నవాడి మెడలో ఇంకో దండ వేసి, "సాలు బిడ్డా, గెలిచినవు, లే," అన్నాడు. రమణీక్‌భాయి వంగి, పళ్ళ మధ్య నుంచి, "ఎక్కువైపోతోంది, వాణ్ణి లేపు," అన్నాడు. ఇద్దరు మనుషులు ముత్యం భుజాల కింద చేతులు పెట్టబోయారు.

రాజమౌళి తలెత్తాడు. జీవితంలో ఎప్పుడూ ఎవరిమీదా పెంచని గొంతు అది. "ముట్టిన్రంటే మంచిగుండదు!"

చేతులు వెనక్కి పోయాయి. జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఐలమ్మ రింగు దిగి పరుగెత్తింది. క్లినిక్‌లో డాక్టరమ్మ ఎవరికో మందు రాస్తూ ఉంది. ఐలమ్మ చెప్పింది విని పెన్ను కింద పెట్టింది.

"ఆ పహిల్వానేనా? చూడమ్మా, పొద్దున మీ ఆయన ఇలాగే తీసుకొచ్చాడు. పేషెంటు నా కిటికీ రెక్క ఊడగొట్టుకుని పారిపోయాడు. నాకు వేరే పనులున్నాయి."

"పొద్దుగాల దొంగ పడుడు పడ్డడమ్మా. ఇప్పుడు నిజంగ పడ్డడు. నా వల్లనే పడ్డడు." ఐలమ్మ డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "నేను లొల్లి జేయకుంటే పడకపోవు. నీ కాళ్ళు మొక్కుత, రా తల్లీ."

సుమతి బ్యాగు తీసుకుని నడిచింది.

వాళ్ళు వచ్చేసరికి సగం జనం ఇళ్ళకు పోయారు. మిగిలినవాళ్ళు పల్లీలు తింటూ కూర్చున్నారు. రింగు మధ్యలో రాజమౌళి దండలతో అలాగే ఉన్నాడు. చేతులు తిమ్మిరెక్కి నీలం తిరిగాయి. గడ్డం మీద కన్నీళ్ళు ఎండిపోయాయి. సుమతి ముత్యం కనురెప్పలు ఎత్తి చూసింది. అరికాలి మీద గీసింది. కాలివేళ్ళు కదిలాయి. కొంతసేపటికి ముత్యం మూలిగాడు. తలను సుమతి పట్టుకోగా, రాజమౌళి అందుకున్న అతని వేళ్ళు నెమ్మదిగా ముడుచుకున్నాయి.

"ఒత్తిండు," అన్నాడు రాజమౌళి. "ఐలా, ఒత్తిండే!"

అప్పుడు అతను ఏడ్చిన ఏడుపు ముందటిదానికంటే పెద్దది. పల్లీలవాళ్ళు చప్పట్లు కొట్టారు.

పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే ఫోటోలు తీశారు. భుజం దగ్గర ఎముక విరిగింది. మెడకు ఏమీ కాలేదు. కదపకుండా ఉంచడం మంచిదయిందని అక్కడివాళ్ళు అన్నారట. ముత్యం కట్టుతో, జుట్టు కత్తిరించుకుని, రాజమౌళి ఇంట్లోనే పడుకున్నాడు. ఐలమ్మ అతని ముందు చారన్నం పెట్టినప్పుడల్లా ముందు దగ్గి, తరువాత మాట్లాడేది. ఆమె గొంతు వింటే అతను ఉలిక్కిపడుతున్నాడని ఆమెకు తెలుసు. నయమయ్యాక షెడ్డులో పని ఇప్పిస్తానని రాజమౌళి అన్నాడు. సాంచాలు కూడా తక్కువ ప్రమాదం కాదని ముత్యానికి తెలుసు. అయినా సరేనన్నాడు.

రమణీక్‌భాయి ఒకరోజు మిఠాయి పట్టుకుని వచ్చాడు. ముత్యం కోసం కాదు. రాజమౌళిని నవసారి ఊళ్ళో జరిగే ఆటకు రమ్మన్నాడు. కొట్టక్కర్లేదు, పడక్కర్లేదు, ఆ రోజులాగే కూర్చుని ఏడిస్తే చాలన్నాడు. ఐలమ్మ మిఠాయి డబ్బా మూత కూడా తియ్యకుండా ఆయన చేతిలో పెట్టి, గుమ్మం దాకా సాగనంపింది.

తరువాతి సెలవు రోజున చాయ్ బండి దగ్గర బుచ్చిరాములు ఆ కుస్తీ గురించి నలుగురికీ వివరిస్తున్నాడు. రాజమౌళి నిలబడిన తీరు, చెయ్యి వేసిన తీరు, చివర్లో ఆ ఏడుపు, అన్నీ మెచ్చుకున్నాడు. అన్నీ అయ్యాక చాయ్ ఊదుకుంటూ తల అడ్డంగా ఊపాడు.

"మనోడు మస్తుగ చేసిండు గని, ఆ కింద పడ్డోనికే యాక్టింగ్ అస్సలు రాదు."